వాసన పోలేదు

"వాసన పోలేదమ్మా" అంటూ పెద్దాయన చొక్కా మడతను కౌంటరు మీద వెనక్కి తోశాడు.

లాండ్రీ అక్కకు ఒళ్లు మండింది. వారంలో ఇది రెండోసారి.

"పోకుండా చూడ్డానికే కదండీ మా తంటాలు! మూడు వీధుల అవతలి నుంచి జనం వచ్చేది ఈ సువాసన కోసమే."

అది నిజమే. తొట్టి పక్కన రోజాపూల బొమ్మ ఉన్న పెద్ద డబ్బా ఉంటుంది. అందులోంచి గుప్పెడు పొడి వేస్తే షాపు ముందు నడిచిపోయేవాళ్లు కూడా ఓ క్షణం ఆగుతారు. ఆ ఘుమఘుమంటే అక్కకు ప్రాణం.

పెద్దాయన సంచిలోంచి ఒక అట్టపెట్టె తీశాడు.

"నావి దీంతో ఉతకండి. రంగు లేదు, సెంటు లేదు. ఉతికిన నీళ్లు మొక్కలకు పోసుకోవచ్చు."

అందుకోబోయి అక్క చేతులు తువ్వాలు కింద దాచుకుంది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది.

"చేతులకేమైందమ్మా?"

"నీళ్ల పని కదండీ, మామూలే."

ఆయన వెళ్లాక, ఇస్త్రీ చేస్తున్న మొగుడు నవ్వాడు.

"ముక్కు మాస్టారు! గాలిలో కూడా తప్పులు పట్టేలా ఉన్నాడు."

అక్కకు నవ్వు రాలేదు. చేతులకు మందు రాసిచ్చి, నెలలో తగ్గకపోతే నీళ్ల పని మానెయ్యాలని డాక్టరు చెప్పాడు. సబ్బు మార్చి చూడమని కూడా అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా పడిన సబ్బు ఇప్పుడెందుకు పడదని ఆ మాట కొట్టిపారేసింది. నీళ్ల పని మానేస్తే ఇక లాండ్రీ ఎక్కడిది?

సోమవారం పెద్దాయన వచ్చాడు. చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఓసారి అక్క వైపు చూశాడు.

"వాసన పోలేదమ్మా."

"మీ పొడితోనే, విడిగా ఉతికాను!"

"మిగతావన్నీ రోజాతోనే కదా. అదే తొట్టి, అదే గది, అవే చేతులు. అంటుకుంటుంది మరి."

ఇంకో లాండ్రీ చూసుకోండి అని నోటిదాకా వచ్చింది. మొగుడు అడ్డుపడ్డాడు.

"ఒక్క నెల అందరివీ ఆ పొడితోనే ఉతికేద్దామే. పీడా వదులుతుంది."

అక్కకు పంతం వచ్చింది. "సరే. అప్పుడూ వాసనంటే ఈయన సంగతి నేను చూస్తా!"

పెద్దాయన సంతోషంగా తలూపాడు.

"కొనేటప్పుడు పెట్టె మీద ఆకుల బొమ్మలు చూసి మోసపోకండి. వెనక చిన్న అక్షరాలు చదవండి. సహజ పరిమళం అని ఉన్నా వద్దు. నేల తుడిచే నీళ్లలో కూడా ఆ నిమ్మ వాసనది మానెయ్యండి."

"ఇంకా నయం, నన్ను కూడా మార్చెయ్యమనలేదు" అన్నాడు మొగుడు.

మొదటి వారమే, దుప్పట్లు తీసుకోవడానికొచ్చిన టైలరు మడత విప్పి వాసన చూశాడు.

"ఏంటక్కా, ఈసారి ఉతకడం మర్చిపోయావా?"

అక్కకు తల కొట్టేసినట్టయింది. మొగుడు దుప్పటి అందుకుని వెలుగులో చాచి పట్టుకున్నాడు.

"ఎక్కడైనా మరక చూపించు, మళ్లీ ఉతుకుతాం. వాసనే కావాలంటే పూలు కొనుక్కో."

టైలరు నాలుగు మూలలూ వెతికాడు. ఏమీ దొరకలేదు. నవ్వుతూ తీసుకెళ్లాడు. తర్వాతి వారం ఇంకో మూట తెచ్చాడు.

పెద్దాయన మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. రెండో వారం "పోలేదమ్మా" అన్నాడు. మూడో వారం "తగ్గింది" అన్నాడు.

ఐదో వారం చొక్కా పీల్చి, కళ్లు తెరిచి, నిండుగా నవ్వాడు.

"పోయింది."

"హమ్మయ్య!" అంటూ అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆయన ఆ చప్పట్ల వంకే చూస్తూ నిలబడ్డాడు.

చేతులు మండలేదని అక్కకు అప్పుడే తెలిసింది. డాక్టరు కూడా ఇక భయం లేదన్నాడు. మందు భలే పనిచేసిందని అక్క నలుగురికీ చెప్పుకుంది.

ఆ తర్వాత రెండు వారాలు పెద్దాయన రాలేదు. ఆయన రసీదు పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది.

"నాన్న ఊరు మారిపోయారండీ. ఇక్కడ ఓ మూట ఉండిపోయిందట."

అక్కకు మనసులో ఏదో వెలితిగా అనిపించింది. ఆ ముక్కుకు తను ఎంత అలవాటు పడిపోయిందో!

"వాసన చూసుకుని తీసుకెళ్లమ్మా. లేకపోతే మీ నాన్నగారు ఊరుకోరు."

అమ్మాయి పకపకా నవ్వింది.

"నాన్నా? ఆయనకు వాసన తెలిసి ఇరవై ఏళ్లయిందండీ. గులాబీకీ గాసునూనెకీ తేడా తెలీదు."

ఇస్త్రీ పెట్టె ఠక్కున ఆగింది.

"మరి ప్రతి వారం ముక్కు దగ్గర పెట్టుకుని..." అంది అక్క.

"చేతులు పాడవుతున్నాయంటే మీరు వినరట. బట్టలు బాగాలేవంటేనే వింటారట." అమ్మాయి గొంతు మెత్తబడింది. "ఇవాళ కూడా మూట సంగతి ఎలా ఉన్నా మీ చేతులు చూసి రమ్మన్నారు."

అక్క రెండు చేతులూ కౌంటరు మీద పెట్టింది. ఈసారి దాచుకోలేదు. వేళ్ల సందుల్లో పగుళ్లు ఎక్కడా లేవు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏ చుట్టరికం ఉందని నాకింత చేశారమ్మా? ఇంతకీ ఎవరు మీ నాన్న?"

అమ్మాయి చూపు గోడ అల్మారా మీదికి వెళ్లింది. అక్కడ ఖాళీ అయిన రోజాపూల డబ్బా ఉంది. ఇప్పుడు దాన్నిండా బట్టల క్లిప్పులున్నాయి.

"ముప్పై ఏళ్లు సబ్బుల ఫ్యాక్టరీలో పనిచేశారండీ. ఆ డబ్బాలో రోజా వాసన తయారుచేసింది ఆయనే."