మార్చిన ఆయిలే మళ్లీ

కూతురు ప్రయాణానికి బ్యాగు సర్దుతుంటే, తల్లి మెకానిక్‌ని పిలిచి కారు గేర్‌బాక్సులో ఆయిల్ మార్చమంది.

"మళ్లీనా? సింథటిక్ ఆయిలమ్మా, లక్ష కిలోమీటర్ల దాకా చూడక్కర్లేదు. మొన్న మార్పించాక బండి కూరగాయల బజారు కూడా దాటలేదు. నన్ను ఆపడానికి ఎన్ని వేషాలో!" అంది కూతురు.

మెకానిక్ నవ్వాడు. "కంపెనీవాళ్లకి తెలిస్తే మీకు సన్మానం చేస్తారు పిన్నిగారూ."

"చేయించుకుంటాలే. ముందు మార్చు."

"జీవితాంతం మార్చక్కర్లేదనేవాడు నాన్న."

"అన్న మాట నిలబెట్టుకున్నాడుగా! జీవితాంతం మార్చలేదు."

కూతురు జిప్పు లాగడం ఆపేసింది. మెకానిక్ వైపు చూసి, "మార్చన్నా," అంది.

కిందటేడు వానల్లో, కొండదారి ఎక్కుతుండగా గేరు పట్టు వదిలి తండ్రి కారు వెనక్కి జారింది. ఆ ప్రయాణం నుంచి ఆయన తిరిగి రాలేదు.