ద్రాక్షతోటల ఊళ్లో హారతి

నవాగామ్‌లో తాను పనిచేసే మగ్గాల షెడ్డు బయట నిలబడి రాంప్రసాద్ మళ్లీ ఫోన్ కలిపాడు. మోగుతోంది కానీ హారతి ఎత్తడం లేదు.

రాంప్రసాద్ భార్య హారతి వంటపని చేసే సేఠ్ కుటుంబం విదేశీ యాత్రకు వెళ్తూ వంటకని ఆమెను వెంట తీసుకెళ్లింది. ఆల్ప్స్ కొండల్లో వైన్ చేసే ఓ ఊరు, అక్కడి పాతకాలపు క్రైస్తవ మఠం చూసి తిరిగొస్తుంటే బస్సు మీద కొండచరియ విరిగిపడిందట. సేఠ్ తమ్ముడు ఇప్పుడే చెప్పాడు. సేఠ్ ఇంటివాళ్లంతా గాయాలతో బయటపడ్డారు. వంటసామానుతో హారతి కూర్చునే వెనక సీటు మాత్రం నుజ్జునుజ్జయింది.

ఈసారి ఫోన్ ఎత్తారు.

"హారతీ! ఏ దవాఖానల ఉన్నవ్?"

"దవాఖాన ఏంది? మఠంలనే ఉన్న. ఎనక సీట్ల ఉన్ననని అనుకున్నరో ఏమో, బస్సు నన్ను ఇడిసిపెట్టి పోయింది." ఆమె ఏడుస్తోంది. "సేఠాని నీకు చెప్పిందా? కోప్పడకయ్యా."

రాంప్రసాద్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "బస్సెందుకు ఎక్కలే?"

హారతి గొంతు తగ్గించింది.

"ఈడ ఓ ముసలమ్మ గ్లాసుల ఏందో పోసిచ్చింది. షర్బతనుకున్న. తాగినంక తెల్సింది, వైనని. వాసనొస్తే సేఠాని పనిల నుంచి తీసేస్తదని భయమైంది. తోటల దాక్కున్న. బస్సు పోయినంకనే బయటికొచ్చిన."

రాంప్రసాద్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ ముసలమ్మ ఉన్నదా ఆడ?"

"నా పక్కన్నే ఉన్నది. ఎందుకు?"

"ముందుగాల ఆమె కాళ్లు మొక్కు. తర్వాత చెప్త."