నూట ఎనిమిది కిలోలు

తప్పంతా నైజెల్‌దే. ఈ మాట గ్రెగ్ పాస్కో ఇప్పటికీ అంటాడు.

నైజెల్ అతని బావమరిది. ఆస్ట్రేలియాలోని ముర్రే నది మీదకి కొత్త పడవ కొన్నాడు.

"పడవ నాది, దాని వెనకాల లేచే అల నాది. ఆ అల మీద నిలబడే బోర్డు మాత్రం నువ్వే తెచ్చుకో బావా. మీ ఇంట్లో నిలబడేవాళ్లంటూ ఉంటే!"

పదకొండేళ్ల కిర్రా తండ్రి మొహంలోకి చూసింది. గ్రెగ్‌కి అది చాలు.

మర్నాడే బోర్డుల షాపుకి బయల్దేరాడు. రేవు దగ్గర ఓ ముసలాయన పాత వ్యాను పక్కన కూచుని, తలుపంత పసుపు బోర్డుకి అతుకు వేస్తున్నాడు.

"ఇంటిల్లిపాదికీ ఒకటే బోర్డా? మీలో అందరికన్నా బరువెవరు?"

"నేనే. ఎనభై కిలోలు."

ముసలాయన గ్రెగ్ పొట్టకేసి చూశాడు.

"ఒక్క కాలే తూచావా?"

గ్రెగ్ మొహం కందగడ్డయింది.

"బరువైనవాణ్ణి చూసి కొనాలయ్యా. పెద్దది పిల్లనీ మోస్తుంది. చిన్నది నిన్ను ముంచుతుంది. ఆ షాపులో నిగనిగలాడేవి నీకు పనికిరావు. ఇది పట్టుకెళ్లు, ఊరికే."

"ఊరికే తీసుకోడానికి నేను ముష్టివాణ్ణి కాదు."

షాపులో నైజెల్ ముందే ఉన్నాడు. పొట్టి బోర్డొకటి తీసి పట్టుకున్నాడు.

"పేరుమోసిన ట్రెంబాత్ చేసిన బోర్డు బావా! ముక్కు మీద ఆయన సంతకం చూడు."

"నీ బరువెంత గురూ?" అన్నాడు షాపువాడు.

"ఎనభై," అన్నాడు గ్రెగ్. నైజెల్ ముందు ఇంకేమంటాడు?

ఆదివారం ఆ బోర్డు గ్రెగ్‌ని పదకొండుసార్లు ముంచింది. అతని భార్య లొరేన్‌ని ఆరుసార్లు. కిర్రా అసలు ఎక్కనే లేదు.

"నదిలో చేపలన్నీ నీకు చుట్టాలైపోయుంటాయి బావా!"

ముసలాయన నడుంలోతు నీళ్లలోకి దిగి, పసుపు బోర్డుని పడవ వైపు తోశాడు.

ఈసారి గ్రెగ్ కాదనలేదు. కిర్రా చూస్తోంది మరి.

కిర్రా ఎక్కింది, నిలబడింది. లొరేన్ నిలబడింది. ఆఖరికి గ్రెగ్ కూడా పడవ లాగే తాడు వదిలేసి, చేతులు చాపి, అల మీద నిలబడ్డాడు.

"మా నాన్న! మా నాన్న!" కిర్రా గంతులేసింది.

"నూట ఎనిమిది కిలోలు!" నది దద్దరిల్లేలా అరిచాడు గ్రెగ్. "విన్నావా నైజెల్? నూట ఎనిమిది!"

నైజెల్ పడవని ఒడ్డుకి తిప్పాడు.

ఒడ్డుకి వచ్చేసరికి వ్యాను లేదు.

"ఆయన ఎక్కడా నిలవడు. బోర్డు మిమ్మల్నే ఉంచుకోమన్నాడు," అంది రేవులో చేపలు వేయించే ఆవిడ.

గ్రెగ్ పసుపు బోర్డు తిరగేసి బురద తుడిచాడు. చేత్తో బోర్డు చెక్కేవాళ్లు అడుగున పెన్సిల్‌తో రాస్తారు, ఎవరి కోసమో, ఎంత బరువుకో.

కిర్రా చదివింది. "ఎవరికైనా. నూట ఇరవై కిలోల దాకా."

దాని కింద ఉన్నది పొట్టి బోర్డు ముక్కు మీది సంతకమే; తన పేరున్న సరుకే కొనొద్దన్న ఆ ముసలాయన మాట విననందుకు గ్రెగ్‌కి పోయినవి పదకొండు వందల తొంభై డాలర్లు.