మూడో అధ్యాయం

“ఇవాళైనా ఆ సింహం గుహలోంచి సంతకంతో బయటపడతావా?” అన్నాడు భర్త, కట్టిపెట్టిన అట్టపెట్టెల మధ్య చెప్పుల కోసం వెతుక్కుంటూ.

“ఎగతాళి చేయకండి. అక్కడికి వెళ్లాలంటేనే భయంగా ఉంది,” అంది ఆమె.

ఆయనకు బదిలీ అయింది. సామాను కట్టేశారు. ఆమె నెత్తికెత్తుకున్న ఆ పరిశోధన తెమిలితే గాని ఊరు కదల్లేరు. సిద్ధాంత గ్రంథం అందజేసే గడువు సాయంత్రంతో సరి. అది దాటితే ఇన్నేళ్ల పాట్లూ నీళ్లపాలే.

విశ్వవిద్యాలయం మెట్లెక్కుతూ దేవుణ్ణి తలుచుకుంది. ‘చదువంటే మనసు తేలికపడాలి కదా స్వామీ, ఇదేమిటి ఇలా మెడకు చుట్టుకుంది?’

తలుపు తోసింది. బల్ల ముందున్న మనిషి తలెత్తలేదు.

“మూడో అధ్యాయం మళ్లీ చదివాను. బాగానే ఉంది,” అంది, కాగితం ముందుకు జరుపుతూ. “ఇక్కడ ఒక్క సంతకం పడితే ఆఫీసులో ఇచ్చేస్తాను.”

“ఏం బాగు? పరీక్షకి ఎండాకాలం నీళ్లు ఒక్క ఏడాదివే పట్టాం. దాన్ని పట్టుకుని చెరువు ఎందుకు పచ్చబడిందో చెప్పేస్తే అది చదువా, జోస్యమా?”

“ఆ లోటు చివర్లో ఒప్పుకుంటే పోదూ?”

“ఒప్పుకున్నంత మాత్రాన పూడుతుందా? వచ్చే ఎండాకాలం మళ్లీ నీళ్లు పట్టాలి.”

“వచ్చే ఎండాకాలమా! మరి గడువో?”

“మళ్లీ పేరు నమోదు చేయించుకోవచ్చు.”

ఆమె కుర్చీలో కూలబడింది. పుస్తకాల దొంతరలు కిటికీని కూడా మూసేశాయి. ఊపిరాడటం లేదు.

“పోయినసారి రెండో అధ్యాయం వంక. అంతకుముందు మొదటిది. ఈ ఒక్కసారికి ఒప్పుకోండి మహాప్రభో! మా ఇంట్లో గరిటె కావాలన్నా పెట్టె విప్పాల్సి వస్తోంది.”

“అబద్ధం మీద నా సంతకం పడదు.” కాగితం తిరిగి ఆమె ముందుకే వచ్చింది.

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “మొదట్లో ఈ గదిలో నవ్వులు వినిపించేవి. ఇప్పుడు మంచినీళ్లిచ్చినా ఏ బావివని అడిగేలా ఉన్నారు.”

“అడగాలి కదా మరి?”

“అసలు ఇంత అనుమానం మీకెవరు నేర్పారండీ?”

అతను తలెత్తి మొదటిసారి నవ్వాడు.

“మీరే! మీ దగ్గర పరిశోధన చేస్తున్న శిష్యుణ్ణే కదా, మేడమ్!”