గాజు నార

తమ్ముడు గోనెసంచిలోంచి నల్లటి తీగచుట్ట తీసి వంటగదిలో పడేశాడు.

"రాగి అమ్మి నీ నెట్ బిల్లు కట్టేద్దామని, వీధి చివర గుంటలోంచి కోసుకొచ్చానక్కా. ఒలిచి చూస్తే లోపలంతా గాజు నారే! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది."

అక్క ఆ తీగచుట్ట వంక చూసింది. పొద్దున్నుంచి నెట్ లేదు. ఆమె నెట్‌లో చెప్పే ట్యూషన్లతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

ఇంతలో కేబుల్ అతను గుమ్మంలోకి వచ్చాడు.

"తీగ ఎవడో కోసేశాడమ్మా. మీ వీధిలో నాలుగు కనెక్షన్ల కోసం మళ్లీ అంత ఖర్చు పెట్టలేమంటోంది కంపెనీ. ఎవరి పనో తెలుసా?"

"తెలీదు," అంటూ అక్క వంటగది తలుపు దగ్గరగా వేసింది.

అతను వెళ్లాక, లోపలి నుంచి తమ్ముడి గొంతు సన్నగా వినిపించింది.

"అక్కా, అది మన తీగేనా?"