దింపు పరీక్ష

"ఆ పిల్లని చూడండి సాలమోను గారూ, ఉడత కూడా సిగ్గుపడాలి!" అన్నారు గంగాధరరావు గారు తల పైకెత్తి.

కుసుమ నడుముకు బెల్టు బిగించి, కాళ్ళ కింద యంత్రాన్ని జానెడు జానెడు పైకి జరుపుకుంటూ అప్పటికే కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గరికి చేరింది. కింద ఐటీఐ ఆవరణలో మిగతా పిల్లలు వరసగా నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు. ఆ రోజు వాళ్ళకి ఆఖరి పరీక్ష. పరీక్ష పెట్టడానికి వచ్చిన సాలమోను గారు ఉడత సంగతి పట్టించుకోకుండా, కళ్ళజోడు సర్దుకుని చెట్టు వంకే చూస్తున్నారు. పిల్లలు తప్పారంటే గంగాధరరావు గారి కొంప మునిగినట్టే.

పలివెలలో ఆయనకి పెద్ద కొబ్బరితోట ఉంది గానీ కాయ దింపే మనిషి లేడు. పాతవాళ్ళు ముసలివాళ్ళయిపోయారు. వాళ్ళ పిల్లలు కరెంటు పని నేర్చుకుని కువైట్‌కి, వెల్డింగ్ నేర్చుకుని మస్కట్‌కి వెళ్ళిపోయారు. ముదిరిన కాయలు వాటంతటవే రాలి పక్కింటి సత్తెమ్మ రేకుల కప్పు మీద పడుతున్నాయి. "ఈసారి రేకు పగిలిందో, చెట్లు కొట్టించేదాకా ఊరుకోనంతే!" అని ఆవిడ వీధిలో నిలబడి మరీ చెప్పింది. గంగాధరరావు గారు సొంత తోటలో హెల్మెట్ పెట్టుకుని తిరుగుతున్నారు. ఆయనకి స్కూటర్ కూడా లేదు.

సరిగ్గా అప్పుడే, చుట్టుపక్కల పరిశ్రమలకి ఏం కావాలో అదే నేర్పాలని ఐటీఐలో ఒక సలహా సంఘం వేశారు. గంగాధరరావు గారు పిలవకముందే అందులో చేరిపోయారు. మొదటి సమావేశంలోనే బల్ల గుద్దారు.

"కువైట్‌కి పనికొచ్చే చదువు మనకెందుకండీ? కోనసీమకి పనికొచ్చేది పెట్టండి. చెట్టెక్కడం నేర్పండి!"

ప్రిన్సిపాల్ మాణిక్యాలరావు గారు మెత్తని మనిషి. పెట్టారు. చెట్టెక్కే యంత్రాలు తెప్పించారు. రెండో సమావేశంలో గంగాధరరావు గారు మళ్ళీ బల్ల గుద్దారు.

"పరీక్ష మీ మాస్టార్లు పెడితే ఎలాగండీ? తోటల వాళ్ళే పెట్టాలి. పనితనం పని చేయించుకునేవాడికే తెలుస్తుంది!"

మాణిక్యాలరావు గారు దానికీ సరేనని సాలమోను గారిని పిలిపించారు.

వచ్చినాయన రాజోలు మనిషి. తెల్ల చొక్కా, నెమ్మదైన మాట. "తోటల మేనేజర్నండి" అని పరిచయం చేసుకున్నారు. తోట అనే మాట వినగానే గంగాధరరావు గారికి ప్రాణం లేచొచ్చింది. ఇంకో ప్రశ్న వెయ్యకుండా, రోడ్డు మీద బండి దగ్గర కొన్న బొండాం ఆయన చేతిలో పెట్టారు. అంత తోట ఉండీ బొండాం కొనుక్కోవాల్సి వచ్చినందుకు కడుపు మండిపోతున్నా పైకి నవ్వారు.

"గెల కింద పడెయ్యకుండా తాడుతో దింపగలరాండీ?" అడిగారు సాలమోను గారు, చెట్టు మీదున్న కుసుమ వంక చూస్తూ.

గంగాధరరావు గారి తోటలో ఏనాడూ ఎవరూ ఎండుకాయని తాడుతో దింపిన పాపాన పోలేదు. బొండాల కోసమేమోలే అనుకున్నారు.

"ఎందుకు దింపలేరండీ! అమ్మా కుసుమా, తాడు కట్టి దింపమ్మా!"

గెల మెల్లగా దిగింది. ఒక్క కాయా రాలలేదు.

"ఎండకి ఆగుతారాండీ?"

"భలేవారే! మే నెల మిట్టమధ్యాహ్నం ఎక్కేరండి. గొడుగేసుకుని కింద నిలబడ్డ నాకు కళ్ళు తిరిగేయి గానీ, వాళ్ళు దిగలేదు."

"ఇంటి మీద బెంగ పెట్టుకునే రకాలా?"

ఇదేం పరీక్షో గంగాధరరావు గారికి అర్థం కాలేదు. అయినా వెనక్కి తగ్గలేదు. వరసలో ఉన్న తేజని భుజం పట్టుకుని ముందుకు లాగారు.

"వీణ్ణి చూడండి. ఇంటి పట్టున ఉంటేగా బెంగ! వాళ్ళమ్మ వీడి మొహం చూసి ఎన్నాళ్ళయిందో."

"అది కాదండీ బాబాయ్ గారూ..." అన్నాడు తేజ.

"నువ్వుండరా!"

మాణిక్యాలరావు గారు గొంతు సవరించుకున్నారు. "గంగాధరరావు గారూ, చిన్న మాటండి..."

"మీరూ ఉండండి మాస్టారూ. మీ మెతకదనంతో పిల్లల్ని ఫెయిలు చేయించేలా ఉన్నారు. నన్ను మాట్లాడనివ్వండి."

ఆ తరువాత ఆయన చాలాసేపు మాట్లాడారు. ఇంత బుద్ధిమంతులు జిల్లాలో ఎక్కడా దొరకరన్నారు. వీళ్ళని వదులుకున్నవాడు జన్మంతా ఏడుస్తాడన్నారు. ఆఖరి కుర్రాడు చెట్టు దిగేసరికి ఆయన గొంతు బొంగురుపోయింది.

సాలమోను గారు నవ్వారు. "మీరు చెప్పినట్టే ఉన్నారండి. అందరూ పాస్."

పిల్లలు కేకలు పెట్టారు. గంగాధరరావు గారికి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక సత్తెమ్మ మొహం ధైర్యంగా చూడొచ్చు. హెల్మెట్ ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు.

"అందర్నీ మా తోటలకే తీసుకుంటానండి" అన్నారు సాలమోను గారు.

గంగాధరరావు గారి ఆనందం సగంలో ఆగింది. కానీ ఆయన పెద్దమనిషి. కాసేపు ఆలోచించి ఒక దారి కనిపెట్టారు.

"మీదీ తోటే, మాదీ తోటే. మీ ఇబ్బంది నాకు తెలీదేటండీ? ఒక పని చేద్దాం. పొద్దున్న పూట మీ దగ్గర దింపించుకోండి. మధ్యాహ్నం భోజనాలు కాగానే ఆటో ఎక్కించి మా పలివెల పంపించెయ్యండి. ఆటో ఖర్చు నాదే."

"ఆయ్, పంపిద్దును గానండి..." అంటూ సాలమోను గారు మాణిక్యాలరావు గారి వైపు చూశారు. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"గానేంటండీ?"

"మావి దుబాయ్‌లో ఖర్జూరం తోటలండి."