నూతి గిలక

తెనాలిలో రామకోటికి ఆ ఏడు అది మూడో అద్దె గది. రేపల్లెలో పుట్టింట పురుడు పోసుకున్న భార్య మర్నాడే చంటిబిడ్డతో రానుంది. సరిగ్గా అప్పుడే ఇంటావిడ విశాలాక్షమ్మ ఖాళీ చెయ్యమని పట్టుబట్టింది.

"బెజవాడ నుంచి ఆఖరి బండికొచ్చి పడుకోక, అర్ధరాత్రి స్నానాలేంటయ్యా? గిలక మోతకి కునుకు పడితే ఒట్టు!"

"తోడేది నేను కాదండి పిన్నిగారూ!"

చెప్పీ చెప్పీ అతనికి విసుగెత్తింది. ఆ రాత్రి చేదను తాడుతో సహా గిలక నుంచి ఊడదీసి, ఆవిడ కళ్ళ ముందే గదిలోకి పట్టుకొచ్చి, మంచం కింద పెట్టుకుని పడుకున్నాడు.

అర్ధరాత్రి గిలక కిర్రుమంది. నూతిలో చేద బుడుంగున మునిగింది. ఎవరో నింపాదిగా తోడి నెత్తిన కుమ్మరించుకుంటున్నారు.

గోడ అవతల నుంచి ఆవిడ కేకేసింది. "మళ్ళీ మొదలెట్టావూ?"

"మంచం మీదే ఉన్నానండి. చేద కూడా ఇక్కడే ఉంది."

నీళ్ళ చప్పుడు ఆగింది. తడి కాళ్ళ అడుగులు వసారాలోకి వచ్చి, వాళ్ళిద్దరి తలుపుల మధ్యా నిలిచాయి.

"నాయనా రామకోటీ," అందావిడ గొంతు బాగా తగ్గించి, "రేపు మీ ఆవిడ్నీ తెచ్చుకో. ఖాళీ చెయ్యకు."